డాలస్ నుంచి శీనుగాడికి

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో అడిగావు కదా, "మా న్యూజెర్సీ ఎడిసన్ పక్కనున్న రట్జర్స్ యూనివర్సిటీకీ లాస్ ఏంజెలెస్‌కీ ఏం సంబంధంరా, ఒకే కాన్ఫరెన్స్ అంటున్నారు" అని. కాన్ఫరెన్స్ అంటే ఏటా తమలో తాము ఆడుకునే కాలేజీ జట్ల కూటమి. ఈ సంగతి ఫోన్లో తెమిలే కథ కాదు, అందుకే రాస్తున్నా. టీ పెట్టుకుని కూర్చో.

1869లో రట్జర్స్, ప్రిన్స్‌టన్ ఆడిన ఆటనే అమెరికాలో మొదటి కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ అంటారు. ఆ రెండింటి మధ్య పాతిక మైళ్లు కూడా లేవు. 2024లో లాస్ ఏంజెలెస్‌లోని యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ, వాటితోపాటు ఒరెగన్, వాషింగ్టన్ యూనివర్సిటీలు రట్జర్స్ ఉన్న బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లో చేరాయి కాబట్టి ఇప్పుడు మీవాళ్లు అవతలి సముద్రం దాకా ఎగరాలి. పేరులో పది, ఉన్నవి 18 జట్లు! స్టాన్‌ఫర్డ్, బర్కిలీ అయితే పసిఫిక్ ఒడ్డున కూర్చుని అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో, అదే ఏసీసీలో ఆడుతున్నాయి. వీళ్లంతా వదిలేసిన పడమటి తీరపు కాన్ఫరెన్స్, 1915లో పుట్టిన పాక్-12లో చివరికి రెండే జట్లు మిగిలాయి. 2026కి కొత్తవాళ్లను చేర్చుకుని మళ్లీ నిలబడుతోందిలే.

మన రంజీ ట్రోఫీలో ఒకప్పుడు సౌత్ జోన్ ఉండేది గుర్తుందా? ఆంధ్ర, హైదరాబాద్, తమిళనాడు, కర్ణాటక అన్నీ ముందు తమలో తాము తేల్చుకునేవి. ఇక్కడా అలా పెడితే ఎలా ఉంటుందని నేనే పటం ముందేసుకుని కూర్చున్నా. ముందు మా టెక్సాస్ రాష్ట్రంలోని యూనివర్సిటీలు: టెక్సాస్, టెక్సాస్ ఏ అండ్ ఎం, టెక్సాస్ టెక్, బేలర్, టీసీయూ, మా డాలస్ ఎస్‌ఎంయూ, హ్యూస్టన్, రైస్. ఎనిమిది జట్లు, అన్నీ కార్లో వెళ్లొచ్చే దూరాలు. ఎంత ముచ్చటగా ఉందో!

తమాషా ఏంటంటే, ఆ కాన్ఫరెన్స్ నిజంగానే ఉండేది. సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్. పక్క రాష్ట్రం ఆర్కన్సా జట్టు వెళ్లిపోయాక మిగిలినవి సరిగ్గా ఈ ఎనిమిదే. 1996లో మూతపడింది. ఆటగాళ్లకు దొంగచాటుగా డబ్బులిచ్చినందుకు 1987లో ఎస్‌ఎంయూ సీజనే రద్దు చేశారు, ఆ మచ్చ ఒకటి. అంతకన్నా పెద్ద దెబ్బ టీవీ. ఒక్క రాష్ట్రం వాళ్లు మాత్రమే చూసే ఆటకి ఛానెళ్లు ఎంతని ఇస్తాయి? నాలుగు పెద్ద జట్లు బిగ్ ఎయిట్ అనే ఇంకో కాన్ఫరెన్స్‌తో కలిసి బిగ్ 12 పెట్టుకున్నాయి, మిగతా నాలుగింట్లో మూడు ఒక కాన్ఫరెన్స్‌కీ, హ్యూస్టన్ ఇంకోదానికీ పోయాయి.

కాబట్టి పటం ఒక్కటే సరిచేస్తే లాభం లేదురా. అసలు ముడి 1984లో పడింది. అప్పటిదాకా కాలేజీ ఫుట్‌బాల్ టీవీ హక్కులన్నీ కాలేజీ ఆటల్ని నడిపే సంఘం ఎన్‌సీఏఏ చేతిలో ఉండేవి. ఏ కాలేజీ ఎన్నిసార్లు టీవీలో కనపడాలో కూడా అదే తేల్చేది. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెక్కి సుప్రీంకోర్టులో గెలిచాయి. అప్పట్నుంచి ఎవరి బేరం వాళ్లది. 2022లో బిగ్ టెన్ కుదుర్చుకున్న ఒప్పందం ఏడేళ్లకు ఏడు బిలియన్ డాలర్ల పైమాట. మా ఎస్‌ఎంయూ ఏసీసీలో చోటిస్తే చాలు, తొమ్మిదేళ్లు టీవీ డబ్బులో వాటా వద్దని మరీ చేరింది! చేరిన ఏడాదే ఏసీసీ ఫైనల్‌కి వెళ్లి క్లెమ్సన్ చేతిలో మూడు పాయింట్ల తేడాతో ఓడింది, అది వేరే సంగతి.

నాకు మండేది ఎక్కడంటే, ఎస్‌ఎంయూకి టీసీయూ నలభై మైళ్ల దూరంలో ఉంది. ఆ రెండూ ఎన్నో ఏళ్లుగా ఒక ఇనప పెనం కోసం ఆడుకునేవి. నిజంగా పెనమేరా, అదే ట్రోఫీ. 2025తో ఆ మ్యాచ్ ఆపేశారు. పక్కూరితో ఆడరు గానీ కాలిఫోర్నియా వెళ్లి స్టాన్‌ఫర్డ్‌తో ఆడతారు.

ఫుట్‌బాల్ వాళ్లంటే వారానికి ఒక్క మ్యాచే, చార్టర్ విమానం. వాలీబాల్, సాఫ్ట్‌బాల్ ఆడే పిల్లల గతేంటి? వాళ్ల ఆటలు వారం మధ్యలో కూడా ఉంటాయి, మర్నాడు పొద్దున క్లాసు, పరీక్షల టెన్షన్ సరేసరి. నన్నడిగితే ఫుట్‌బాల్‌ని విడదీసి, దాని టీవీ హక్కులు అందరివీ కలిపి అమ్మి పంచాలి. మిగతా ఆటలన్నీ ఊళ్ల దూరం చూసి జోన్లుగా పెట్టాలి. పెద్ద జట్లు ఒప్పుకోవనుకో, వాటా తగ్గుతుందిగా.

మీ ఈశాన్యం జోన్ మాత్రం నాకు కుదరడంలేదు. రట్జర్స్, సిరక్యూస్, బోస్టన్ కాలేజ్, కనెక్టికట్, టెంపుల్ వరకు సరే. పెన్ స్టేట్‌ని అందులో వేస్తే మిగతావాళ్లని నమిలేస్తుంది, ఒహాయో స్టేట్ పక్కన పెడితే పిట్స్‌బర్గ్ ఒంటరైపోతుంది. నువ్వక్కడే ఉన్నావు కదా, ఎటు వేయాలో చెప్పు. చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
ప్రసాద్