పాస్‌బుక్కులో ఎవరిదో పేరు

తెనాలి

చిరంజీవి కిరణ్‌కు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారికి షుగరు అదుపులోనే ఉంది, పొద్దున్నే కాలవ గట్టు దాకా నడిచి వస్తున్నారు. చినమామయ్య వాళ్ళు రెండో అంతస్తు స్లాబు వేశారు. బుజ్జి పిల్లకి మళ్ళీ దగ్గు పట్టుకుంది. కాలవలకి నీళ్ళు వదిలారు, వెంకయ్య నాట్లు మొదలుపెట్టాడు. అమెరికా నుంచి ఫోన్లో అయితే "సరేలే అమ్మా, మీటింగ్ ఉంది" అని పెట్టేస్తావని కాగితం మీద రాస్తున్నాను. బుజ్జి ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెడుతుంది. అన్ని పేజీలూ చదువు.

వేళకి తింటున్నావా? క్రిందటి ఆదివారం వీడియో ఆన్ చెయ్యకుండానే మాట్లాడావు. అంతకు ముందు ఆదివారం అసలు చెయ్యనేలేదు. నాన్నగారు "పని ఎక్కువుందేమోలే" అన్నారు గానీ, రాత్రి పడుకునేదాకా ఫోను పక్కనే పెట్టుకున్నారు.

సుశీలత్త వరలక్ష్మీ వ్రతం తాంబూలానికి వచ్చింది. ఈ ఏడు పూర్ణాలు బాగా కుదిరాయి, నువ్వుంటే నాలుగైనా తినేవాడివి. అత్త వెళ్తూ వెళ్తూ గుమ్మంలో చెప్పులేసుకుంటూ "కిరణ్ బ్యాంకు సంగతి తేలిందా వదినా" అని అడిగింది. "ఆ, చూస్తున్నాడు" అని పంపించాను. తర్వాత అక్కడ చదువుకుంటున్న అత్తవాళ్ళ పండుకి నేనే ఫోన్ చేశాను. వాణ్ణి ఏమీ అనకు, నేను అడిగితే అబద్ధం చెప్పలేకపోయాడు. గ్యాస్ కొట్టించుకునే చోట నీ కార్డు పనిచెయ్యకపోతే వాడే కట్టాడట. బ్యాంకు నీ జీతం పడే చెకింగ్ అకౌంటు మూసేసిందట. ఎందుకో చెప్పడం లేదట.

నాకు టెన్షన్ ఎందుకని దాచి ఉంటావు. నాన్నా, నీ తల్లి ఉద్యోగమంతా బ్యాంకు కౌంటర్లోనే గడిచింది. ఖాతా మూసేశారంటే దొంగ అని ముద్ర వేసినట్టు కాదు. ఖాతా తెరిచేటప్పుడు నువ్వు చదవకుండా ఒప్పుకున్న కాగితాల్లోనే, ఎప్పుడైనా మూసే హక్కు తమకుందని వాళ్ళు రాసి ఉంటారు. అక్కడి బ్యాంకులు అనుమానం వచ్చిన లావాదేవీని ప్రభుత్వానికి తెలియజేస్తే, ఆ సంగతి ఖాతాదారుడికి చెప్పడం చట్టరీత్యా కుదరదు. అలాంటిది నీ విషయంలో జరిగిందని నేననడం లేదు. కానీ జరిగినా జరగకపోయినా బ్యాంకులో ఫోనెత్తే పిల్ల "కారణం చెప్పలేం" అనే ఒక్క వాక్యమే తిప్పి తిప్పి చెబుతుంది. ఆ పిల్ల మీద అరవకు. ఇక్కడా అంతే. మనీ లాండరింగ్ చట్టం 2005లో అమల్లోకి వచ్చాక, నెలలో 10 లక్షలు దాటిన నగదు లావాదేవీలన్నీ మేము ఢిల్లీలోని ఆర్థిక నిఘా విభాగానికి రిపోర్టు పంపేవాళ్ళం. ఎదురుగా నిలబడి నవ్వుతూ పలకరించే మనిషికి ఆ మాట చెప్పడానికి లేదు.

నీ గదికి కొత్త పరుపు కొన్నాం. పాతది కుంగిపోయింది, సంక్రాంతికి వస్తే నీ నడుముకి ఇబ్బంది అని. లోన్ కిస్తీ కట్టే నా ఖాతా పాస్‌బుక్కు ప్రింటు వేయించింది కూడా ఆ బిల్లు సరిచూసుకోవడానికే. ప్రతి నెలా ఐదో తారీఖుకి విదేశీ సంపాదన వేసుకునే నీ ఎన్ఆర్ఈ ఖాతా నుంచి వచ్చే డబ్బు ఈసారి తొమ్మిదో తారీఖున వచ్చింది. ఎవరిదో పేరు, యూపీఐలో. రూపాయి తేడా లేకుండా సరిగ్గా కిస్తీ అంతే. ఆ పేరు మన చుట్టాల్లో లేదు, నీ స్నేహితుల్లో నేను విన్నది కాదు.

దాని సంగతి పండునీ అడిగాను, వాడు నసిగాడు. అందుకని నేనే రాస్తున్నాను, కాదంటే కాదని చెప్పు, సంతోషిస్తాను. ఎవరో కుర్రాడికి ఫీజుకి డాలర్లు కావాలి. నువ్వు జెల్‌లో, అదే అక్కడి యూపీఐ లాంటి దాంట్లో, వేశావు. వాళ్ళ నాన్న ఇక్కడ నా ఖాతాలో రూపాయలు వేశాడు. బ్యాంకు రేటు కంటే అర్ధరూపాయి కలిసొచ్చింది. అక్కడ మనవాళ్ళలో చాలామంది చేస్తున్నారని నాకూ తెలుసు. అయినా అది తప్పు దారే. పై దేశంలో ఉన్న మనిషి తరఫున ఇక్కడ చేతులు మారే డబ్బు అధీకృత బ్యాంకు ద్వారానే రావాలని 1999 నాటి విదేశీ మారకపు చట్టం ఫెమా మూడో సెక్షన్ చెబుతుంది. ఆ పిల్లవాడి తండ్రికి సవ్యమైన దారి లేకపోలేదు. రిజర్వు బ్యాంకు ఎల్ఆర్ఎస్ పథకం కింద ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా బ్యాంకు నుంచే పంపుకోవచ్చు. ఇంకో భయం కూడా ఉంది. ఆ రూపాయలు ఎక్కడివో మనకి తెలియదు. ఎవరైనా మోసపోయి సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేస్తే, ఆ డబ్బు ఏయే ఖాతాలు దాటిందో అన్నింటినీ ఆపేసే ప్రమాదం ఉంది. నాన్నగారి మందుల డబ్బు కూడా అందులోనే ఉంటుంది.

అక్కడి బ్యాంకు వైపు నుంచి చూడు. అపార్ట్‌మెంట్ లీజు నీ పేరున ఉందని నలుగురూ అద్దె నీకే పంపుతారు. కరెంటు, ఇంటర్నెట్, కిరాణా కూడా నీ చేతి మీదుగానే. దాని మీద ముక్కూ మొహం తెలియని వాళ్ళకి వేలల్లో జెల్. వచ్చినది వచ్చినట్టు పోతోంది. కౌంటర్లో నేనున్నా ఆ స్టేట్‌మెంటు ఇంకోసారి తిప్పి చూసేదాన్ని.

బోసు రోడ్డులో గాజుల కొట్టు పెద్దాయన నీకు గుర్తుండాలి. బుజ్జి ఓణీల ఫంక్షన్‌కి గాజులన్నీ ఆయన దగ్గరే తెచ్చాం. నేను కరెంట్ ఖాతాల కౌంటర్లో ఉన్నప్పుడు రోజూ క్యాష్ మూసే వేళకి గుడ్డ సంచీతో వచ్చేవాడు. నోట్లన్నీ ఒకే వైపుకి తిప్పి, మూలలు మడతలు తీసి, రబ్బరు బ్యాండు వేసి తెచ్చేవాడు. ఆయన కట్ట లెక్కపెట్టడం హాయిగా ఉండేది. ఒక వేసవిలో ఆ ఖాతాలో బేరానికి పది రెట్ల డబ్బు తిరగడం మొదలైంది. ఊరూ పేరూ తెలియని వాళ్ళ చెక్కులు పొద్దున పడేవి, సాయంత్రానికి ఖాళీ. బావమరిది చీటీలు మొదలుపెట్టి "నాలుగు నెలలు నీ ఖాతా వాడుకోనీ బావా" అన్నాడట, ఈయన కాదనలేకపోయాడు. మా మేనేజరు పిలిచి అడిగారు. ఉత్తరాలు రాశారు. "అది మా ఇంటి విషయమండీ" అన్నాడు తప్ప లెక్క చెప్పలేదు. చివరికి నెల గడువిచ్చి ఖాతా మూస్తున్నామని నోటీసు వెళ్ళింది.

ఆ కాగితం తెచ్చి నా కౌంటర్ మీద పెట్టాడు. "మా నాన్న తెరిచిన ఖాతా అమ్మా" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. సంచీ మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఇంట్లో చెప్పలేదు. బజారులో తెలిస్తే పరువు పోతుందని, కొట్టు డబ్బంతా పనికుర్రాడి పేరున ఇంకో బ్యాంకులో ఉన్న ఖాతాలో వెయ్యడం మొదలుపెట్టాడు. ఆ కుర్రాడు మంచివాడే, పైసా ముట్టలేదు. కానీ వాడికి అదే బ్యాంకులో మోటార్‌సైకిల్ లోన్ బాకీ ఉంది, కిస్తీలు ఆగిపోయాయి. ఖాతాలో డబ్బు కనిపించేసరికి బ్యాంకు తన బాకీ కింద జమ చేసుకుంది. ఖాతా ఎవరి పేరున ఉంటే డబ్బు వాళ్ళదే, కష్టం ఎవరిదని బ్యాంకు అడగదు. కూతురి ఇంజనీరింగ్ ఫీజుకి డీడీ తియ్యాల్సిన రోజు ఇదంతా బయటపడింది.

అప్పుడు వచ్చింది ఆయన భార్య. మూడేళ్ళ ఖాతా పుస్తకాలు ఎర్రగుడ్డలో మూటకట్టి తెచ్చి మేనేజరు బల్ల మీద పెట్టింది. "ఏది మా బేరమో, ఏది మా తమ్ముడి డబ్బో నేను గుర్తు పెడతాను, మీ స్టేట్‌మెంట్లు ఇవ్వండి" అంది. స్టేట్‌మెంట్లు నేనే తీసిచ్చాను. మా స్టాఫ్ రూములో బెంచీ మీద కూర్చుని, అద్దాలు ముక్కు మీదికి జారుతుంటే, పద్దు పద్దుకీ పెన్సిల్‌తో టిక్కు పెట్టింది. మధ్యాహ్నం నా క్యారియర్ లోంచి పెరుగన్నం పెడితే సగమే తిని మళ్ళీ కూర్చుంది. ఆ కాగితాలూ షాపు లైసెన్సూ చూసి ఇంకో బ్యాంకు ఖాతా తెరిచింది. ఆవిడకు మొదటి రోజే చెప్పి ఉంటే ఆ కుటుంబానికి అంత యాతన ఉండేది కాదు. నాకు ఆవిడంటే ఇప్పటికీ ఎంతో గౌరవం.

ఈ నెల నీ జీతం పండు ఖాతాకి వచ్చేలా పెట్టించావట కదా. వెంటనే మార్పించు. వాడు బంగారం లాంటి పిల్లాడు, అనుమానం వాడి మీద కాదు. చదువుకుంటున్న పిల్లాడి ఖాతాలో ఉన్నట్టుండి ఇంకొకరి జీతం పడి, అక్కణ్ణుంచి నీ బిల్లులకి పోతుంటే వాడి బ్యాంకు ఊరుకుంటుందా? రేపు వాడిదీ మూసేస్తే సుశీలత్తకి నేను మొహం ఎలా చూపించను? కొత్త ఖాతా తెరిచేదాకా జీతం కాగితం చెక్కుగా ఇవ్వమని మీ హెచ్ఆర్‌ని అడుగు. మూసేసిన ఖాతాకి పంపితే మాత్రం తిరిగి కంపెనీకే పోతుంది, మళ్ళీ రావడానికి రోజులు పడుతుంది.

నీ ఖాతాలో మిగిలిన డబ్బు మామూలుగా చెక్కు రూపంలో పోస్టులో పంపుతారు. ఏ అడ్రసుకి? వాళ్ళ రికార్డులో ఉన్నదానికి. నువ్వు ఇర్వింగ్ నుంచి ప్లేనో మారినప్పుడు బ్యాంకులో అడ్రసు మార్చావా? లేదనే నా భయం, నీ డ్రైవింగ్ లైసెన్సు మీద కూడా పాత ఇల్లే ఉందని అప్పుడే అన్నావు. ఈ శనివారమే పాత అపార్ట్‌మెంట్ ఆఫీసుకి వెళ్ళి అడుగు. పోస్టాఫీసులో అడ్రసు మార్పు కూడా పెట్టు. వెళ్ళేటప్పుడు ఏదైనా తిని వెళ్ళు.

ఆటోపే ఏవేవి ఆ ఖాతాకి తగిలించావో రాసుకో. కారు లోన్, కారు ఇన్సూరెన్స్, క్రెడిట్ కార్డు, ఫోను. ఖాతా మూసినందుకు క్రెడిట్ స్కోరు తగ్గదు గానీ, కిస్తీ 30 రోజులు దాటితే క్రెడిట్ రిపోర్టులోకి ఎక్కుతుంది. అక్కడ చెక్స్‌సిస్టమ్స్ అని ఒకటుంది. బ్యాంకులు మూసేసిన ఖాతాల సమాచారం దానికి పంపుతుంటాయి, చెడ్డ పద్దు పడితే ఐదేళ్ళు ఉంటుంది. అందులో నీ రిపోర్టు ఉచితంగానే ఇస్తారు, తెప్పించుకుని చూడు. తప్పుంటే రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టు. తర్వాత దగ్గర్లో క్రెడిట్ యూనియన్‌కి, అంటే మన సహకార బ్యాంకు లాంటి దానికి, మనిషివి వెళ్ళు, ఆన్‌లైన్‌లో కాదు. పాస్‌పోర్టు, వీసా కాగితాలు, లీజు, జీతం స్లిప్పులు తీసుకెళ్ళు. అక్కడా 2,50,000 డాలర్ల దాకా ప్రభుత్వ బీమా ఉంటుంది, భయం లేదు. చెక్కు రాకపోయినా, డబ్బు పట్టి ఉంచినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు తీసుకునే అక్కడి ప్రభుత్వ సంస్థ సీఎఫ్‌పీబీకి ఫిర్యాదు చెయ్యి. బ్యాంకు మామూలుగా 15 రోజుల్లో జవాబివ్వాలి. కోపంగా రాయకు. తేదీలు, మొత్తాలు, ఎవరితో ఏం మాట్లాడావో, అంతే రాయి. ఏ బదిలీ ఏ అద్దెదో, ఏ కిరాణాదో గాజుల కొట్టు ఆవిడ లాగే గుర్తులు పెట్టుకుని ఉంచు.

ఉపన్యాసం ఇవ్వకూడదనే మొదలుపెట్టాను. నువ్వక్కడ ఒక్కడివే ఇదంతా మోస్తుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం నా వల్ల కాలేదు. నాన్నగారికి ఇంకా చెప్పలేదు. నువ్వే చెప్పు, కోప్పడరు. వచ్చే నెల కిస్తీ గురించి ఆలోచించకు, నా పెన్షన్లోంచి కడతాను, ఆ ఎవరిదో పేరు మాత్రం మళ్ళీ నా పాస్‌బుక్కులో పడకూడదు. అతనెవరో, నువ్వు వాళ్ళ అబ్బాయికి ఎంత వేశావో నాకు రాసి పంపు. వాళ్ళతో నేను మాట్లాడతాను.

చేతిలో ఖర్చులకి ఎంతుంది? పండు దగ్గర ఎంత తీసుకున్నావు? సంకోచపడకుండా చెప్పు. కందిపొడి, కరివేపాకు కారం, సున్నుండలు పార్సిల్ కట్టి ఉంచాను. సున్నుండలు ఈసారి బెల్లంతో చేశాను, నెయ్యి వెంకయ్య వాళ్ళింటిది. కొరియర్ వాళ్ళు శుక్రవారం లోపు తెమ్మన్నారు. అపార్ట్‌మెంట్ నంబరుతో సహా కొత్త అడ్రసు ఇంగ్లీషులో తప్పుల్లేకుండా బుజ్జికి పెట్టు.

అమ్మ