పూలకుండీల మీద మూడు మీటింగులు, టెర్రస్ మీద ఒక్కటీ లేదు

ఎడిటర్ గారికి,

నమస్కారం. అపార్ట్‌మెంట్ల గొడవల గురించి పేపర్లో వార్త వచ్చినప్పుడల్లా వదలకుండా చదువుతాను. ఎప్పుడు చూసినా పార్కింగో, పెంపుడు కుక్కో, అర్ధరాత్రి దాకా మోగిన పాటలో. అవన్నీ ఉన్నవే, కాదనను. కానీ మా అసోసియేషన్‌కి రెండేళ్లు ట్రెజరర్‌గా చేశాక, ఆ లెక్కల పుస్తకాలూ మినిట్స్ బుక్కూ తిరగేశాక నాకొకటి అర్థమైంది. గట్టిగా గొడవ పడాల్సిన విషయం మీద మేం ఎప్పుడూ గొడవ పడలేదు. అది రాద్దామనే ఈ ఉత్తరం.

కారిడార్‌లో పూలకుండీలు పెట్టుకోవచ్చా లేదా అని మేం మూడు మీటింగులు పెట్టుకున్నాం. కుండీ ఎత్తెంత ఉండాలి, కింద పళ్లెం ఉండాలా వద్దా, నీళ్లు పక్కింటి గుమ్మం దాకా పారితే తుడవాల్సింది ఎవరు, ఇలా మినిట్స్ బుక్కులో పదకొండు పేజీలు నిండాయి. ఒకాయనైతే ఇంటికెళ్లి టేపు తెచ్చి కారిడార్ వెడల్పు కొలిచి మరీ చూపించారు. అదే పుస్తకంలో టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ గురించి నాలుగేళ్ల కిందట రాసిన వాక్యం ఒకే ఒక్కటి: "వచ్చే మీటింగులో చర్చిద్దాం." ఆ వచ్చే మీటింగు ఇంతవరకూ రాలేదు.

ఈలోపు పై అంతస్తులో ఒకావిడ నన్ను ఇంటికి పిలిచి సీలింగ్ చూపించారు. మధ్యలో పసుపు మరక, దాని అంచు వెంబడి పెన్సిల్‌తో గీత, గీత పక్కన తేదీ. వానలు తగ్గిన ప్రతిసారీ స్టూలెక్కి కొత్త అంచు గీసుకుంటున్నారట. ఐదు గీతలున్నాయి, చెట్టు మొద్దులో వలయాల్లాగా ఒకదాని చుట్టూ ఒకటి. "ఇదిగో చూడండి, ఈసారి ఫ్యాను హుక్కు దాకా వచ్చింది" అన్నారు, కోపంగా కూడా కాదు, కరెంటు మీటర్ రీడింగ్ చెప్పినట్టు. నాకు తలెత్తుకోబుద్ధి కాలేదు, ఆ మాటకొస్తే ఎత్తక తప్పలేదు కూడా, మరక పైనే ఉంది కదా.

కింది అంతస్తుల వాళ్లని అడిగితే "మా ఇంట్లో కారట్లేదుగా" అంటారు. లిఫ్ట్ ఖర్చు మాటెత్తితే గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు "మేం లిఫ్ట్ ఎక్కం, మాకెందుకు" అంటారు. టెర్రస్ పైవాళ్లదే అయితే సంపు కిందివాళ్లదా? స్లాబులోకి దిగిన నీళ్లకి అంతస్తులు తెలియవు. లోపలి ఇనుప ఊచలకి తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన ఊచ ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలినుంచే పగలగొడుతుంది. పెచ్చులు ఊడి కింద పడేసరికి ఆ పని మొదలై ఎన్నాళ్లయిందో. పైన ఇంకో కోటింగ్ పెయింట్ వేస్తే మరక పోతుందేమో గానీ ఊచ బాగుపడదు.

మరి ఎందుకు వాయిదా వేస్తామంటే, నా అనుభవంలో ఒకటే కారణం. మెయింటెనెన్స్ పెంచం అన్నవాళ్లకే కమిటీలో చోటు దొరుకుతుంది. "మా దగ్గర మెయింటెనెన్స్ చాలా తక్కువండీ" అని బంధువులతో గొప్పగా చెప్పుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ట్రెజరర్ అయ్యాక ఒక రాత్రి కూర్చుని లెక్క వేశాను. లిఫ్ట్ ఇరవై ఏళ్లు పనిచేస్తుందనుకుందాం, అంటే 240 నెలలు. కొత్తది పెట్టే ఖర్చుని 240తో భాగించి మొదటి నెల నుంచే పక్కన పెడితే ఇంటింటికీ పడేది చిన్న మొత్తం. పన్నెండేళ్లు ఊరుకుని అప్పుడు మొదలెడితే మిగిలేది 96 నెలలు, నెలవాటా రెండున్నర రెట్లు. పంతొమ్మిదేళ్లు ఊరుకుంటే మిగిలేది 12 నెలలే, ఇరవై రెట్లు! ఈ మధ్యలో ఇల్లు అమ్ముకుని వెళ్లిపోయినవాళ్లు లిఫ్ట్‌ని అరగదీసి పైసా కట్టకుండా పోయినట్టు, కొత్తగా కొనుక్కున్నవాడు తను ఎక్కని లిఫ్ట్‌కి బిల్లు కట్టాలి. మనం తక్కువ మెయింటెనెన్స్ అనుకుంటున్నది నిజానికి అప్పు, పైగా ఎవరూ రాసిపెట్టని అప్పు.

ఇది పెద్దగా చేసి చెబుతున్నానని అనుకునేవాళ్లకి ఒకటి గుర్తు చేస్తాను. అమెరికాలో ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో 1981లో కట్టిన 12 అంతస్తుల భవనం ఒకటి 2021 జూన్ 24న అర్ధరాత్రి దాటాక సగం కూలిపోయి 98 మంది చనిపోయారు. 2018లోనే ఒక ఇంజనీరు వచ్చి చూసి, స్విమ్మింగ్ పూల్ చుట్టూ ఉండే గచ్చు (డెక్) కింద వాటర్‌ప్రూఫింగ్ పాడైందని, కాంక్రీటు దెబ్బతిందని రిపోర్టు రాసిచ్చాడు. ఆ తర్వాత అక్కడా మనలాగే వాదోపవాదాలు, ఖర్చు ఎక్కువంటూ అభ్యంతరాలు, కమిటీలో రాజీనామాలు. చివరికి దాదాపు కోటిన్నర డాలర్ల వసూలుకి ఒప్పుకున్నారు, మొదటి వాయిదాలు కట్టాల్సిన గడువు దగ్గరపడుతుండగానే భవనం పోయింది. జాప్యం ఒక్కటే కారణమని నేననను, పూల్ డెక్ డిజైన్‌లోనే లోపాలున్నాయని విచారణలో తేలింది. అయినా ఆ మూడేళ్ల మీటింగుల గురించి చదువుతుంటే నాకు మా మినిట్స్ బుక్కే కనిపించింది. 2022లో అక్కడి చట్టం మార్చి, మూడంతస్తులూ ఆపైన ఉన్న ఇలాంటి భవనాలు పెద్ద రిపేర్లకి ఎంత నిధి కావాలో లెక్క కట్టించుకోవాలన్నారు. మనమైతే ఎవరో చట్టం చేసేదాకా ఆగక్కర్లేదు, జనరల్ బాడీలో ఒక తీర్మానం చాలు.

ఇక రూల్స్ సంగతి. మా నోటీస్ బోర్డు మీద రూల్స్ అంటించి అంటించి కింద పాత కాగితం ఏదో కనిపించని స్థితి. విజిటర్ పార్కింగ్‌లో సొంత బండి పెట్టకూడదన్న కాగితం కింద సెక్రటరీ గారి సంతకం ఉంటుంది, విజిటర్ పార్కింగ్‌లో సెక్రటరీ గారి కారు ఉంటుంది. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ జీవితమంతా ఇలాంటి ఉమ్మడి వ్యవహారాలనే పరిశీలించారు, చెరువులూ కాలువలూ అడవులూ పచ్చిక బయళ్లూ జనం తమలో తాము ఎలా నడుపుకుంటారని. ఎక్కువకాలం నిలిచిన చోట్ల ఆవిడ గమనించినవి చాలా మామూలు విషయాలు: రూల్ పెట్టడంలో దాని కింద బతికేవాళ్లకి భాగం ఉంటుంది, కాపలా కాసేవాళ్లు వాళ్లకే జవాబు చెప్పాలి, తప్పు చేస్తే శిక్ష చిన్నదిగా మొదలై మళ్లీ మళ్లీ చేస్తేనే పెరుగుతుంది.

ఆ చివరి మాట నాకు సూటిగా తగిలింది. బకాయి పడ్డ ఒకాయనకి నీళ్లు ఆపేద్దామని మీటింగులో అంటే నేనూ చెయ్యెత్తాను. సిగ్గుపడుతూ రాస్తున్నాను. ప్లంబర్ వచ్చేలోపు, ఎందుకైనా మంచిదని ఆయన తలుపు తట్టాను. ఆయన అడిగింది ఒక్కటే, "రెండేళ్ల లెక్కలు ఏవండీ?" నిజంగానే లేవు. నాకు ముందున్నవాళ్లు వోచర్లన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో కుక్కి నాకిచ్చారు, నేనూ ఆ కవర్ అల్మారాలో పడేశాను. ఆ రాత్రి నుంచి ఒక్కో వోచరూ అతికించి, నెలవారీ ఖర్చు బోర్డు మీద పెట్టడం మొదలుపెట్టాను. ఆయన బకాయిలో సగం కట్టారు. మిగతా సగం ఇంకా రావాలి, కథ పూర్తిగా సుఖాంతం కాలేదు. కానీ ప్లంబర్‌ని వెనక్కి పంపించాం.

ఇలాంటి పదవుల్లో ఉన్నవాళ్లకి నేను చెప్పగలిగింది కొంచెమే. పెద్ద రిపేర్ల డబ్బు వేరే ఖాతాలో ఉంచండి, ఇద్దరి సంతకం లేనిదే బయటికి రాకూడదు, వాచ్‌మన్ జీతానికో మోటారు రిపేరుకో దాన్ని ముట్టుకోకూడదు. ఆ బిల్డింగులో ఇల్లు లేని ఇంజనీరు చేత కొన్నేళ్లకోసారి చూపించండి, మనలో మనం చూసుకుంటే ఎవరింటి గోడ వాళ్లకే పెద్దదిగా కనబడుతుంది. మీటింగ్ అజెండాలో ఖరీదైన విషయం మొదట పెట్టండి. కుండీల సంగతి చివర్లో వస్తే, అప్పటికి అందరికీ నిద్రొస్తుంటుంది, పది నిమిషాల్లో తేలిపోతుంది.

నా పదవీకాలం అయిపోయింది. వాటర్‌ప్రూఫింగ్‌కి మూడు కొటేషన్లు తెప్పించి ఫైల్లో పెట్టి కొత్త కమిటీకి అప్పగించాను. వచ్చే ఆదివారం మీటింగుకి నోటీసు వచ్చింది. మొదటి అంశం గేటుకి ఏ రంగు వేయాలన్నది, టెర్రస్ ఐదోది. దాన్ని మొదటికి తెమ్మని ఒక కాగితం రాసి, పై అంతస్తు ఆవిడ సంతకం కోసం వెళ్తే, ఆవిడ పెట్టి, నాతో పాటే కిందికి దిగి ఒక్కో తలుపూ తట్టడం మొదలుపెట్టారు. ఇప్పటికి పద్నాలుగు సంతకాలయ్యాయి.

ఇట్లు,
ఒక మాజీ ట్రెజరర్