మా ఉప్పునీళ్ళలో ఫాస్ఫేట్ గురించి

గత తొమ్మిది వారాల్లో పగడాల తొట్టెలకని మా దుకాణంలో కలిపిన ఉప్పునీళ్ళు కొన్నవారు ముందు ఇది చదవండి. ఆ నీళ్ళలో పాచిని పెంచే ఫాస్ఫేట్ 0.12 పీపీఎం (పది లక్షల్లో వంతులు) ఉంది. ఉండాల్సింది దాదాపు సున్నా. పగడాల తొట్టెలో అది 0.03కూ 0.1కీ మధ్య ఉంటే చాలని అందరికీ చెప్పేవాణ్ణి నేనే. నీళ్ళు మార్చి తగ్గించుకుందామనుకున్న మీకు, డబ్బు తీసుకుని మరీ ఫాస్ఫేట్ పోశాను.

కనిపెట్టింది నేను కాదు. మీలో ఒకాయన, 60 లీటర్ల తొట్టె ఉన్నాయన, అద్దం తుడిచిన మర్నాటికే పచ్చటి పాచి కడుతోందని మూడుసార్లు చెప్పారు. మూడుసార్లూ ఆయనకే పాఠం చెప్పి పంపాను: మేత ఎక్కువవుతోంది, గడ్డకట్టిన మేత కరిగాక ఆ నీళ్ళు వంపేసి వేయండి అని. సలహాలో తప్పు లేదు, చెప్పిన మనిషిలోనే ఉంది. నాలుగోసారి ఆయన ఏమీ మాట్లాడకుండా మా సీలు విప్పని క్యాను తెచ్చి బల్ల మీద పెట్టారు. నా మీటరు 39 చూపించింది. అది ఫాస్ఫరస్ లెక్క, పీపీబీలో (వంద కోట్లలో వంతులు). 3.066తో గుణించి వెయ్యితో భాగిస్తే ఫాస్ఫేట్ 0.12. ఆ గుణకారం ఆయన ఎదుటే చేశాను.

మొదట ఉప్పును అనుమానించాను. ఉప్పు కలపని నీళ్ళు పరీక్షిస్తే అదే అంకె. ఇక మిగిలింది నీళ్ళను శుద్ధి చేసే ఆర్ఓ పొర తర్వాత, అది వదిలేసినవాటిని పట్టే రెజిన్ గుళికలు. ఆ రెజిన్‌ను మార్చి తొమ్మిది వారాలే అయింది. అయిపోతే రంగు మారాలి, మారలేదు. నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపిస్తోంది. ఆ మీటరు ఒక పీపీఎంకు తక్కువైన తేడాను పట్టుకోలేదు, మనకు కావాల్సింది అందులో పదో వంతు. ఇది నాకు తెలియని సంగతి కాదు. తెలిసీ ఆ సున్నాను చూసి నిశ్చింతగా ఉన్నాను.

సరఫరాదారు మొదట నా నీళ్ళను తప్పుపట్టారు, తర్వాత నా మీటరును. వారు పంపిన దాంట్లోదే సీలున్న మరో పొట్లం విప్పి నీళ్ళు పట్టాను, అదే ఫలితం. వేరేచోట తెచ్చిన రెజిన్‌తో పట్టాను, సున్నా. రెండు ఫలితాలూ ఫొటోలు తీసి పంపాక ఫోను ఎత్తడం మానేశారు. ఉచితంగా పంపినా సరే, ఆ సరుకు ఇక మా గడప తొక్కదు.

నాకు నిద్ర లేకుండా చేసింది మాత్రం దుకాణంలోని పెద్ద తొట్టె. అందులో 0.31కి చేరింది. బొటనవేలంత ముక్క నుంచి నేను పెంచిన ఆక్రోపోరా పగడం గోధుమరంగుకు తిరిగింది. లాంథనం క్లోరైడ్ చుక్కలు వేస్తే రెండు రోజుల్లో దిగుతుంది. సీసా చేతిలోకి తీసుకుని, మళ్ళీ అలమరలో పెట్టాను. ఇలా ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. లాంథనం ఫాస్ఫేట్‌తో కలిసి సన్నటి తెల్లటి మడ్డి అవుతుంది. దాన్ని అతి సన్నని వడపోత సంచి పట్టకపోతే చేపల మొప్పల్లో చేరుతుంది. నీళ్ళ ఆల్కలినిటీనీ (క్షారగుణాన్నీ) కొంత లాక్కుపోతుంది. చిన్న తొట్టెలో ఒక్క చుక్క ఎక్కువైనా సర్దుకునే వీలుండదు. అన్నిటికీ మించి, చాలా ఏళ్ళ క్రితం తొందరపడి ఫాస్ఫేట్‌ను పీల్చే ఐరన్ ఆక్సైడ్ గుళికలు ఒకేసారి పూర్తి మోతాదు వేశాను. నాలుగో రోజుకు పగడాల కండ మొదలు నుంచి ఊడిపోసాగింది. ఫాస్ఫేట్ ఎక్కువై అవి పాడవలేదు, అది ఒక్కసారిగా పడిపోవడంతో చచ్చాయి.

అందుకే ఇప్పుడు అవే గుళికలు, చెప్పిన మోతాదులో పావు వంతు, ఎర్రటి పొడి పోయేదాకా శుద్ధమైన నీళ్ళతో కడిగి వాడుతున్నాను. మూడు రోజులకోసారి పరీక్ష. రెండో వారంలో 0.2 దగ్గర కదలకుండా కూర్చుంది. రాళ్ళు తాము పీల్చుకున్నదాన్ని వెనక్కి వదులుతున్నాయి. అప్పుడు కూడా గుళికలు పెంచలేదు. "ఇంకా ఎన్నాళ్ళు" అని అడిగినవారికి కాస్త విసురుగా జవాబిచ్చి ఉంటాను. నాలుగు వారాలకు నిన్న 0.14. 0.08కి దిగి, రెండు వారాలు అక్కడే నిలిచేదాకా ఆ తొట్టెలోని పగడాలేవీ అమ్మను.

మీరూ నెమ్మదిగానే తగ్గించండి. సున్నా చేయాలని చూడకండి. ఫాస్ఫేట్ పూర్తిగా లేకపోతే పగడాలు పాలిపోతాయి, డైనోఫ్లాజెలేట్లనే సూక్ష్మజీవుల గోధుమరంగు జిగురు పట్టే అవకాశమూ పెరుగుతుంది, అది పచ్చ పాచి కంటే మొండిది. మీ తొట్టె నీళ్ళు తెస్తే ఊరికే పరీక్షిస్తాను. పాత క్యాన్లలో మిగిలినవి తెచ్చి కొత్తవి తీసుకెళ్ళండి. ఇకనుంచి ప్రతి క్యాను మీదా ఆ రోజు ఫాస్ఫేట్ అంకె నా చేత్తో రాసి ఉంటుంది.

60 లీటర్ల తొట్టె ఆయన నిన్న వచ్చి రెండు క్యాన్లు తీసుకున్నారు. అంకె రాసి ఉన్నా, సంచిలోంచి సొంత మీటరు తీసి మరోసారి చూసుకున్నారు. చూసుకోనివ్వండి.