డ్రమ్ముకు మూతేదీ?

సంపాదకులకు,

వానలు పడగానే హైదరాబాద్ వీధుల్లో ఫాగింగ్ బండి తిరగడం మొదలవుతుంది. దీపాలు పెట్టే వేళకు చప్పుడు చేసుకుంటూ వస్తుంది, పిల్లలు వెనకాల పరుగెత్తుతారు, వీధంతా పొగ. ఏదో పని జరిగిందని అందరికీ తృప్తి. డెంగీ దోమ కుట్టేదేమో ఎక్కువగా పగటిపూట. బండి వచ్చేసరికి అది మంచం కిందో, కొక్కేనికి వేలాడే బట్టల చాటునో ఉంటుంది. మనం పొగ లోపలికి రాకుండా తలుపులు బిగించి మరీ దాన్ని కాపాడుతుంటాం.

పోయిన నెల మా మనవరాలికి డెంగీ వచ్చింది. రోజూ ప్లేట్‌లెట్ల లెక్క చూసుకుంటూ టెన్షన్‌తో చచ్చాం. వీధి చివర మురిక్కాలువను తిట్టని పూట లేదు. పిల్ల కోలుకున్నాక ఇల్లు దులుపుతుంటే ఫ్రిజ్ వెనక ట్రేలో వెంట్రుక ముక్కల్లాంటి పురుగులు కనిపించాయి. కదిలిస్తే గిలగిలా కొట్టుకుంటూ అడుక్కి పోయాయి. నలభై ఏళ్లుగా ఇల్లు నడుపుతున్నాను, ఫ్రిజ్ వెనక ట్రే ఒకటుంటుందని ఆ రోజే తెలిసింది! పాపం, కాలువ తప్పేమీ లేదు. ఈ దోమ పెరిగేది ఎక్కువగా మన ఇళ్లలో, చుట్టుపక్కల నిలిచే తేట నీళ్లలో. పాత్ర లోపల నీటి అంచున గుడ్లు పెడుతుంది. ఎండిపోయినా అవి నెలల తరబడి చావవు. అందుకే పారబోస్తే చాలదు, పీచుతో రుద్ది కడగాలి.

నా సంగతి సరే, ఫ్రిజ్ ట్రే ఎత్తి పారబోశాను. నగరంలో చాలాచోట్ల కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. సంపు, ట్యాంకు ఉన్నవాళ్లకు ఫరవాలేదు. ఒంటిగది అద్దె ఇళ్లలో నీళ్లంటే నీలం డ్రమ్మే. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది, మూత ఉండదు, పైన ఓ ప్లైవుడ్ ముక్క. 'నీళ్లు నిలవ ఉంచకండి' అని గోడ మీద రాస్తే వాళ్లు రేపు వంట దేంతో చెయ్యాలి?

1897 ఆగస్టు 20న బ్రిటిష్ డాక్టరు రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసింది మన సికింద్రాబాద్‌లోనే. ఆయన కూడా ఆ తర్వాత దోమలు పుట్టే నీళ్ల మీద పడమనే చెబుతూ వచ్చాడు. మనం మాత్రం ఎగిరేవాటి వెంట పడుతున్నాం.

అధికారులారా, కేసు వచ్చిన ఇంటి చుట్టుపక్కల పొగ కొడితే అర్థముంది, కొట్టండి. ఊరంతా తిప్పే డీజిల్ ఖర్చులో కొంత డ్రమ్ములకు మూతలకో, అంచుకు బిగించి కట్టే గుడ్డలకో పెట్టండి. అరగంటైనా సరే, నీళ్లు రోజూ వదలండి. సగం కట్టి వదిలేసి నీళ్లు నిలిచిన సెల్లార్ల ఓనర్లకు నోటీసులిచ్చి ఊరుకోకుండా జరిమానా వసూలు చెయ్యండి. గుడ్డు దోమయ్యేందుకు ఎనిమిది, పది రోజులు చాలు కాబట్టి వారానికోసారి సిబ్బంది టార్చి పట్టుకుని ఇళ్లలోకి రావాలి. వచ్చే శుక్రవారం వచ్చేట్టయితే మా ఫ్రిజ్ దగ్గర్నుంచే మొదలుపెట్టొచ్చు.

ఇట్లు,
ఒక గృహిణి, సికింద్రాబాద్