ప్రజావాణి అర్జీ తిరిగి పాత ఆఫీసుకే

తెలంగాణ కలెక్టరేట్లలో సోమవారం జరిగే ప్రజావాణిలో ఇచ్చిన అర్జీ, మనం ఏ ఆఫీసు మీద ఫిర్యాదు చేశామో అదే ఆఫీసుకు విచారణకు వెళ్తోంది. మా అన్న పొలం హద్దుల సర్వే కోసం నేను మూడుసార్లు వరుసలో నిలబడ్డాను. మూడుసార్లూ రసీదు ఇచ్చారు, కాగితం మళ్లీ మండల ఆఫీసుకే చేరింది. చివరికి సమస్య పరిష్కారమైందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. సర్వేయర్ మాత్రం ఇప్పటికీ పొలంలో అడుగు పెట్టలేదు. నా ముందు నిలబడిన ముసలావిడ సంచిలో అలాంటి రసీదులు ఐదున్నాయి. వచ్చిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోతోందని చెప్పింది. 2016 దసరా రోజున 10 జిల్లాలను 31 చేశారు, 2019లో 33కి పెంచారు. దాంతో కలెక్టరేట్ దగ్గరైన మాట నిజమే, కానీ అక్కడ ఇచ్చిన కాగితాన్ని చదివి నిర్ణయం తీసుకునే మనిషి దగ్గర కాలేదు. తహసీల్దార్ పైన ఆర్డీఓ, ఆ పైన అదనపు కలెక్టర్ ఉన్నది కింది ఆఫీసు పని సరిచూడటానికే కదా! అందుకే మండల ఆఫీసు మీద వచ్చిన ఫిర్యాదును ఆర్డీఓకు తగ్గని అధికారే విచారించాలి. అర్జీదారు సంతకం లేకుండా ఏ అర్జీనీ మూసెయ్యకూడదు. పెండింగ్ అర్జీల జాబితాను నెలనెలా గ్రామ పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించాలి. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక్క సర్క్యులర్ చాలు.

– ఒక రైతు, నల్గొండ జిల్లా