1920తో ముగియని ఓటు కథ

సంపాదకులకు,

అమెరికాలో స్త్రీలందరికీ 1920లోనే ఓటు హక్కు దక్కిందని వ్యాసాల్లోనూ, పోటీ పరీక్షల పుస్తకాల్లోనూ తరచుగా కనిపించే మాట సగమే నిజం. ఆ ఏడాది ఆగస్టు 18న టెనెసీ రాష్ట్ర శాసనసభలో, మహిళల ఓటును వ్యతిరేకించేవారి గుర్తయిన ఎర్ర గులాబీని కోటుకు పెట్టుకుని కూర్చున్న 24 ఏళ్ల హ్యారీ బర్న్, జేబులోని తల్లి ఉత్తరం మాట మన్నించి అనుకూలంగా ఓటేయడంతో, స్త్రీ అన్న కారణంతో ఓటు నిరాకరించరాదనే అమెరికా రాజ్యాంగ 19వ సవరణ గట్టెక్కింది. కథ ముచ్చటైనదే కానీ, దక్షిణాది నల్లజాతి స్త్రీకి దానివల్ల ఒరిగింది స్వల్పం.

1870 నాటి 15వ సవరణ నల్లజాతి పురుషులకిచ్చిన హక్కే అక్కడ కాగితానికి పరిమితమైంది. మిసిసిపీలో ఓటరుగా నమోదు కావడానికి వెళ్లినవారికి అధికారి రాష్ట్ర రాజ్యాంగంలోని ఒక సెక్షన్ చూపి, అర్థం రాయమనేవాడు. రాసింది సరైనదో కాదో తేల్చేదీ అతడే. పైగా ఓటేయాలంటే తలపన్ను కట్టాల్సి వచ్చేది. ఆ రాష్ట్రంలో, ఇలాంటి పరీక్షలను ఆపించిన 1965 ఓటు హక్కుల చట్టానికి ముందు నమోదైన నల్లజాతి వయోజనులు సుమారు 7 శాతమే కాగా, కేంద్రం తన అధికారులను రంగంలోకి దించాక రెండేళ్లలో ఆ సంఖ్య 60 శాతానికి చేరువైంది.

ఇందులో మనవాళ్ల ప్రస్తావనా ఉంది. అమెరికాకు వలస వెళ్లిన పంజాబీ భగత్‌సింగ్ థింద్ కేసులో 1923లో అక్కడి సుప్రీంకోర్టు వలస వచ్చిన భారతీయులను పౌరసత్వానికే అనర్హులంది. పౌరసత్వం లేనిదే ఓటెక్కడిది? 1946 చట్టంతో గానీ ఆ అడ్డు తొలగలేదు. నేడు అక్కడ ఓటేస్తున్న తెలుగువారిలో ఎందరికి ఈ సంగతి తెలుసో!

మీ పత్రిక ఈ అంశంపై రాసినప్పుడు 1920 పక్కన 1965ను కూడా చేర్చవలసిందిగా మనవి.

— ఒక పాఠకుడు, ఏలూరు