వార్షిక నివేదిక: ఒకరి షెడ్డు మీద మరొకరు కన్నేసి ఉంచుదాం

గౌరవ సభ్యులకు, వారి ఇంటిల్లిపాదికీ నమస్కారం.

రావులపాలెం, అమలాపురం వైపు చూసినా, గోదావరి దాటి పాలకొల్లు, భీమవరం వైపు చూసినా మన సంఘం సభ్యుల మరమ్మతు షెడ్లు దాదాపు అన్నీ ఇంటిని ఆనుకునే ఉన్నాయి. పెరట్లో కొబ్బరిచెట్ల మధ్య రేకుల షెడ్డు, అందులో ఇనుమును తిప్పి చెక్కే ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మెషీన్, గోడవార గ్రైండర్, మూలన వెల్డింగ్ సెట్టు. రొయ్యల చెరువు నీటికి గాలి పట్టించే ఏరియేటర్ల షాఫ్టులు, వరికోత మిషన్ల బుష్‌లు, పీచు మిల్లుల రోలర్లు, పడవ ఇంజన్ల సామాను అన్నీ ఇక్కడే బాగవుతాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టాన్ని పదిమంది పనివాళ్లూ కరెంటు యంత్రాలూ ఉన్న చోటు కోసం రాశారు. తండ్రీకొడుకులు నడుపుకునే షెడ్డుకు తనిఖీకి ఎవరూ రారు. చూడాల్సింది పక్క షెడ్డువాళ్లే, ఇంట్లోవాళ్లే. అందుకే ఈ ఏడాది మిగతా పనులు కాస్త వెనక్కి పెట్టి సంఘం షెడ్లలో భద్రత అనే ఈ ఒక్క విషయం పట్టుకుంది.

దీనికి కారణమైన సంఘటన మీలో చాలామందికి తెలుసు. ఆ సభ్యుడు ఒప్పుకున్నాకే ఇక్కడ రాస్తున్నాం. రాత్రిపూట ఏరియేటర్ షాఫ్టు తిప్పుతుండగా కరెంటు పోయింది. స్విచ్చు ఆన్‌లోనే ఉండిపోయింది. ఎలాగూ మెషీన్ ఆగింది కదా అని ఫోను లైటు వేసుకుని, షాఫ్టుకు చుట్టుకున్న తీగలాంటి ఇనుప పొట్టును చేత్తో లాగుతున్నారు. అప్పుడే కరెంటు వచ్చింది. షాఫ్టును పట్టి తిప్పే చక్ తిరిగింది, పొట్టు వేళ్లకు బిగుసుకుంది, రెండు వేళ్లు ఎముక కనబడేలా తెగాయి. కేక విని పరుగెత్తుకొచ్చిన ఆయన భార్య ముందు ఆయన్ని పట్టుకోలేదు, తలుపు పక్కనున్న మెయిన్ స్విచ్చు కట్టేశారు. ఆ తర్వాతే గుడ్డతో అదిమిపట్టి 108కి ఫోను చేశారు. వేళ్లు దక్కాయి. చూపుడువేలు మాత్రం ఇప్పటికీ పూర్తిగా ముడవడం లేదు.

ఆ లేత్‌కు గోడ మీద మామూలు స్విచ్చే ఉంది. స్టార్టరు ఉంటే కరెంటు పోగానే లోపలి కాయిల్ వదిలేస్తుంది. కరెంటు తిరిగొచ్చినా పచ్చ బటన్ నొక్కేదాకా మోటారు కదలదు. గాలివాన రోజుల్లో మన దగ్గర కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో చెప్పక్కర్లేదు. అందుకని రాజమండ్రిలో స్టార్టర్లు ఒకేసారి కొని, కొన్న ధరకే సభ్యులకు ఇచ్చాం. మన ఎలక్ట్రీషియన్ సభ్యులు కూలి తీసుకోకుండా బిగించారు, వారికి సంఘం తరఫున కృతజ్ఞతలు. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాం. పొలం మోటార్లకు పెట్టే ఆటో స్టార్టర్‌ను ఎవరూ లేత్‌కు గానీ డ్రిల్లింగ్ మెషీన్‌కు గానీ పెట్టొద్దు. కరెంటు రాగానే దానంతటది మోటారు తిరగడం చేనికి మేలు కావచ్చు, షెడ్డులో అది చెయ్యి తీసేస్తుంది. ఇప్పటికే పెట్టుకున్నవాళ్లు ఈ నివేదిక చదివిన రోజే తీయించండి.

ఈ ఏడాది మనం చేసుకున్న అతిపెద్ద ఒప్పందం డబ్బుతో పనిలేనిది. ఎవరి షెడ్డులోనైనా ప్రమాదం కనబడితే, చిన్నాపెద్దా తేడా లేకుండా ఎవరైనా స్విచ్చు కట్టేయవచ్చు. షెడ్డు యజమాని కోపం తెచ్చుకోకూడదు. రాసుకోవడం సులువే, పాటించడమే కష్టం. మన పనిలో గురువును, వయసులో పెద్దవాణ్ణి తప్పు పట్టడం అలవాటు లేదు. మండపేట వైపు ఒక షెడ్డులో పని నేర్చుకుంటున్న కుర్రాడు పెద్ద మేస్త్రితో “బాబాయ్ గారూ, లేత్ దగ్గర గ్లౌజులు వద్దండీ, తీసెయ్యండి” అన్నాడు. చేతి రక్షణకు వేసుకున్నవాటిని తీయమంటాడేమిటని ఆయనకు చిర్రెత్తింది. తిరిగే యంత్రం దగ్గర గ్లౌజు చెయ్యిని కాపాడదు, దారం చివర చిక్కితే చెయ్యి మొత్తం లోపలికి లాక్కుపోతుంది. తువ్వాలు, లుంగీ అంచు, వదులు చేతుల చొక్కా అన్నీ అంతే. ఆయన గ్లౌజులు తీసి బల్ల మీద పెట్టారు. ఆ తర్వాతి నెల సమావేశంలో ఈ సంగతి లేచి చెప్పింది ఆయనే. అలాంటి పెద్దలున్నంతకాలం ఈ సంఘానికి దిగులు లేదు.

రాత్రి పని గురించి కూడా ఒక పద్ధతి పెట్టుకున్నాం. చీకటిపడ్డాక ఒంటరిగా యంత్రం ఆన్ చేసేవాళ్లు పక్క సభ్యుడికి ఫోను చేసి చెప్పాలి, ఆపాక మళ్లీ చెప్పాలి. రెండో ఫోను రాకపోతే అవతలివాళ్లు వెళ్లి చూడాలి. మెయిన్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ, బడికెళ్లే పిల్లలకు కూడా, చూపించి ఉంచాలి.

చేతి గ్రైండర్ల మీద మా బెంగ తీరలేదు. 4 అంగుళాల గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. అంటే చక్రం అంచు గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. దానికి గార్డు ఊడదీసి 5 అంగుళాల చక్రం బిగించడం, కొబ్బరి దుంగలు కోయడానికి పళ్ల బ్లేడు వేయడం ఇంకా కనబడుతూనే ఉంది. పళ్ల బ్లేడు కర్రలో పట్టేస్తే గ్రైండర్ మన మీదికే ఎగిరి వస్తుంది. బల్ల గ్రైండర్ అయితే చక్రానికీ, ఇనుప ముక్కను ఆనించే రెస్టుకూ మధ్య 3 మి.మీ. మించి సందు ఉండకూడదు. కొత్త రాయి చక్రం బిగించేముందు వేలికి వేలాడదీసి కర్రపిడితో మెల్లగా తట్టండి. గణగణమంటే మంచిది, బద్దలైన కుండలా పలికితే పారేయండి.

అంబాజీపేట చుట్టుపక్కల సభ్యులకు ప్రత్యేకంగా ఒక మనవి. పీచు కుప్పలు, ఎండు కొబ్బరాకు ఉన్న చోట గ్రైండింగ్, వెల్డింగ్ చేయొద్దు. నిప్పురవ్వ పీచులో పడితే వెంటనే మండదు, లోపల రాజుకుంటూ మీరు భోజనానికి వెళ్లాక అంటుకుంటుంది. పని అయ్యాక కనీసం అరగంట అక్కడే ఉండి చూడాలి.

వెల్డింగ్ వెలుగు చూసి కళ్లు మంటలెత్తితే చనుబాలు వేయడం, బంగాళాదుంప చెక్కలు పెట్టడం మానేద్దాం. ఆ మంట పనిచేసిన కొన్ని గంటలకు, అర్ధరాత్రి మొదలవుతుంది కాబట్టి ఇంట్లో ఏది దొరికితే అది పెట్టేస్తున్నారు. చల్లటి గుడ్డ కప్పి, తెల్లారగానే కంటి డాక్టరుకు చూపించండి. హెల్మెట్ లేకుండా పక్కన నిలబడి చూసే పిల్లల్ని ముందు బయటికి పంపండి.

ప్రథమ చికిత్స శిక్షణకు మగవాళ్లకంటే ఆడవాళ్లే ఎక్కువగా వచ్చారు, సంతోషం. అక్కడ నేర్చుకున్నదాంట్లో ఒకటి అందరూ గుర్తుపెట్టుకోవాలి. వేలు తెగిపడితే నేరుగా ఐసులో వేయొద్దు. శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో మూతికట్టి, ఆ కవర్ని ఐసు నీళ్లలో పెట్టి మనిషితోపాటే పంపాలి. కంట్లో ఇనుప ముక్క గుచ్చుకుంటే నలపొద్దు, లాగొద్దు, కాగితపు కప్పు బోర్లించి తీసుకెళ్లాలి.

దసరా ఆయుధపూజ తర్వాత చక్‌కు వేసిన బంతిపూల దండలు తీశాకే యంత్రం ఆన్ చేయాలని చేసిన విన్నపాన్ని అందరూ పాటించారు. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

ఇక రాబోయేది వరద కాలం. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాల షెడ్లలో మోటార్లు మునిగాయి. ఈసారి నీరు తీసిన వెంటనే ఎవరూ స్విచ్చు వేయొద్దు. మోటారు విప్పి ఆరబెట్టి, బేరింగుల గ్రీజు మార్చి, చుట్టల ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్‌తో చూడాలి. 500 వోల్టుల మీద 1 మెగా ఓమ్‌కు తక్కువ చూపితే ఇంకా ఆరనట్టే. ప్రతి షెడ్డుకూ కరెంటు లీకైతే దానంతటదే కట్టేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగు వానలకు ముందే ఉండాలి. సంఘం కొన్న మెగ్గర్ కోశాధికారి గారి ఇంట్లో ఉంది. కావలసినవారు పుస్తకంలో సంతకం పెట్టి తీసుకెళ్లి, మర్నాటికల్లా తిరిగి ఇవ్వండి, తర్వాతివాళ్లు ఎదురుచూస్తుంటారు.

ఇట్లు,
కార్యదర్శి